కాలేజీ వాళ్ళే టికెట్ పెట్టి పిలిచే ఫ్లై-ఇన్ ప్రోగ్రాం: మా అమ్మాయి అప్లై చేయొచ్చా?

గోదారి_అమ్మ
మా అమ్మాయి ఆగస్టులో ట్వెల్త్ గ్రేడ్‌లోకి వెళ్తుంది. డాలస్ దగ్గర పబ్లిక్ స్కూలు. వాళ్ళ ఇంగ్లిష్ టీచర్ ఒక కాగితం ఇచ్చి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని రెండు చిన్న కాలేజీల ప్రోగ్రాంలు, విలియమ్స్ కాలేజీ వాళ్ళ ‘విండోస్ ఆన్ విలియమ్స్’, ఆమ్హర్స్ట్ కాలేజీ వాళ్ళ ‘యాక్సెస్ టు ఆమ్హర్స్ట్’ చూడమందట. సెలెక్ట్ అయితే విమానం టికెట్, బస, భోజనం అన్నీ కాలేజీ వాళ్ళే పెట్టుకుంటారట. వెళ్ళి కొన్ని రోజులు ఉండి, క్లాసులు చూసి రావచ్చట. వింటుంటే నమ్మకం కలగడం లేదు.

మా సంగతి చెప్తాను. ఆడపడుచు స్పాన్సర్ చేస్తే ఎఫ్4 (తోబుట్టువుల కోటా) గ్రీన్‌కార్డు మీద వచ్చాం. ఆయన గ్యాస్ స్టేషన్‌లో పనిచేస్తారు, నేను డేకేర్‌లో. ఆయన ఇంటర్, నేను పదో తరగతి. ఇక్కడ మనవాళ్ళందరూ సాఫ్ట్‌వేర్, ఎవరిని అడగాలన్నా మొహమాటం. ఇది డైవర్సిటీ ప్రోగ్రాం అంటున్నారు కదా, ఇండియన్ పిల్లలకి ఇస్తారా? ఫారంలో ఇంటి ఆదాయం అడుగుతున్నారు, మా ఆయనకి అది అస్సలు ఇష్టం లేదు. పైగా ఆడపిల్లని ఒక్కదాన్నీ అంత దూరం పంపి, ఎవరిదో గదిలో పడుకోబెట్టడమంటే నాకు టెన్షన్.

టెక్సాస్_బాబాయ్
టికెట్, భోజనం నిజమే, మోసం కాదు. ఇచ్చినా ఇవ్వకపోయినా మీకు పోయేదేం లేదు. కానీ అమ్మా, ఇండియన్స్‌ని డైవర్సిటీ కింద ఎవరూ లెక్కపెట్టరు. పెద్ద కాలేజీల్లో మన పిల్లలు ఇప్పటికే ఎక్కువ. ఆశ పెట్టుకోకుండా వేయండి.

బెర్క్‌షైర్_అమ్మాయి
బాబాయ్ గారూ, అక్కడే పొరపాటు. నేను ఇప్పుడు విలియమ్స్‌లోనే చదువుతున్నాను, ఆ ప్రోగ్రాంకి వచ్చిన తర్వాతే ఇక్కడ అప్లై చేశాను. మా నాన్న ఇండియన్ రెస్టారెంట్‌లో వంట చేస్తారు. నాతో పాటు వచ్చినవాళ్ళలో మెయిన్ రాష్ట్రంలో చేపలు పట్టేవాళ్ళ అబ్బాయి ఉన్నాడు, కెంటకీ పల్లెటూరి తెల్ల అమ్మాయి ఉంది, న్యూయార్క్‌లో టాక్సీ నడిపే బంగ్లాదేశ్ ఆయన కూతురు ఉంది. సొంత ఖర్చుతో కాలేజీ చూడటానికి రాలేని పిల్లలకి ప్రాధాన్యం అని వాళ్ళే రాస్తారు. తల్లిదండ్రుల్లో ఎవరికీ బ్యాచిలర్స్ డిగ్రీ లేకపోతే ఫస్ట్ జనరేషన్ అంటారు. ఆంటీ, మీ ఇంట్లో ఆ రెండూ ఉన్నాయి. ఆ టీచర్ మీ అమ్మాయిని చూసే ఆ కాగితం ఇచ్చి ఉంటుంది.

బడిపంతులు_ఒహాయో
ఇక్కడ హైస్కూల్లో లెక్కలు చెప్తాను, ఏటా ఇలాంటి ఫారాలకి సిఫార్సు లేఖలు రాస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

2023 జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో తీర్పు ఇచ్చింది. అడ్మిషన్లలో జాతిని జాతిగా లెక్కలోకి తీసుకోకూడదు. ఆ తర్వాత చాలా కాలేజీలు ఈ విజిట్ ప్రోగ్రాంల అర్హతలు తిరగరాశాయి. కొన్ని అంతకు ముందే పేర్లు మార్చుకున్నాయి. ఆమ్హర్స్ట్ వాళ్ళది ఒకప్పుడు ‘డైవర్సిటీ ఓపెన్ హౌస్’, ఇప్పుడు ‘యాక్సెస్ టు ఆమ్హర్స్ట్’. కాబట్టి పాత వీడియోల్లో ‘మైనారిటీ పిల్లలకి మాత్రమే’ అని విన్నవాళ్ళు అది పక్కన పెట్టి, ఈ ఏడాది పేజీలో ఏం రాశారో చూడండి. ఎక్కువగా కనిపించేవి ఇవే: ఆదాయం తక్కువ, కుటుంబంలో మొదటి తరం కాలేజీ, పల్లెటూరు, ఇప్పటిదాకా ఆ కాలేజీకి పిల్లలు రాని స్కూలు.

అదే తీర్పులో చీఫ్ జస్టిస్ ఇంకో మాట కూడా రాశారు. జాతి వల్ల తన జీవితంలో ఏం జరిగిందో విద్యార్థి వ్యాసంలో చెప్పుకుంటే కాలేజీ దాన్ని చదివి లెక్కలోకి తీసుకోవచ్చు. అందుకని ‘ఇండియన్ అని రాస్తే నష్టం’ అని దాచుకోవక్కర్లేదు.

పప్పుచారు_ప్రేమికుడు
అంటే కాలేజీ వాళ్ళే ఖర్చు పెట్టుకుని పిల్లని పిలిపించుకునే పెళ్ళిచూపులన్నమాట. కాఫీ కూడా వాళ్ళే ఇస్తారు.

అట్లాంటా_అక్క
@పప్పుచారు, నచ్చకపోతే పిల్ల కూడా వద్దనొచ్చు, అదే ఇందులో అందం. వెళ్ళొచ్చాక అక్కడ అప్లై చేసి తీరాలన్న రూలేం లేదు.

ఫ్రిస్కో_నాన్న
మాది ఇద్దరం సాఫ్ట్‌వేర్. మా అబ్బాయికి జీపీఏ బాగుంది, శాట్ 1540. వాడు కూడా వేయొచ్చా? ఆదాయం కాలమ్ ఖాళీగా వదిలేస్తే సరిపోతుందని ఒక కన్సల్టెంట్ అన్నాడు.

బడిపంతులు_ఒహాయో
@ఫ్రిస్కో_నాన్న, ‘అందరికీ ఓపెన్’ అని ఉన్నచోట వేయొచ్చు, ఎవరూ ఆపరు. కానీ ఆ కాలమ్ కావాలని ఖాళీగా వదలకండి. మీ జిప్ కోడ్, స్కూలు, మీ ఉద్యోగాలు కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి కలిపి వేసే ఒకే అప్లికేషన్) ఎలాగూ కనిపిస్తాయి. మీరు వీకెండ్‌లో మీ ఖర్చుతో అబ్బాయిని తీసుకెళ్ళి చూపించగలరు. ఈ ప్రోగ్రాంలో ఉండే సీట్లు కొన్నే. అవి గోదారి_అమ్మ గారి అమ్మాయిలాంటి పిల్లలకి దక్కాలని నా గట్టి అభిప్రాయం.

ఫ్రిస్కో_నాన్న
అర్థమైందండీ. ఆన్‌లైన్ ఇన్ఫో సెషన్లు, మా ఊరికి వచ్చే కాలేజీ రిప్రజెంటేటివ్ మీటింగులు చూసుకుంటాం. కన్సల్టెంట్‌కి మాత్రం ఒక మాట చెప్తాను.

టెక్సాస్_బాబాయ్
నాకు అసలు ప్రశ్న వేరే ఉంది. రెండు వేల మంది పిల్లలుండే, పేరు విననైనా వినని ఊళ్ళో కాలేజీకి ఎందుకు? టెక్సాస్‌లోనే ఉండి యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) ఆస్టిన్ చూడండి. ఆదాయం లక్ష డాలర్లు, అంతకన్నా తక్కువ ఉంటే యూటీ సిస్టమ్‌లో ట్యూషన్, ఫీజులు లేవు, 2025 ఫాల్ నుంచి అమల్లోకి వచ్చింది. క్లాసులో టాప్ 5 శాతంలో ఉంటే ఆస్టిన్‌లో ఆటోమేటిక్ అడ్మిషన్. పిల్ల నాలుగు గంటల డ్రైవ్‌లో ఉంటుంది, పండక్కి ఇంటికొస్తుంది. ఇంతకన్నా ఏం కావాలి?

అట్లాంటా_అక్క
బాబాయ్ మాట తీసిపారేసేది కాదు. గోదారి_అమ్మ గారూ, యూటీ తప్పకుండా లిస్టులో ఉంచండి.

బెర్క్‌షైర్_అమ్మాయి
ఉంచాలి, నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే ట్యూషన్ మాఫీ వేరు, మొత్తం ఖర్చు వేరు. హాస్టలు, భోజనం, పుస్తకాలు, ఇంటికి రాకపోకలు కూడా లెక్క వేసుకోవాలి. విలియమ్స్ ఏడాది ఖర్చు వెబ్‌సైట్‌లో 90 వేల డాలర్లు దాటి కనిపిస్తుంది, చూడగానే మా నాన్న ల్యాప్‌టాప్ మూసేశారు. కానీ 2022 నుంచి ఇక్కడ ఎయిడ్ ప్యాకేజీలో లోన్ లేదు, క్యాంపస్‌లో పని చేసి తీరాలన్న షరతూ లేదు, అంతా గ్రాంటే. మా ఇంటి ఆదాయానికి వచ్చిన లెటర్ చూస్తే మా స్టేట్ యూనివర్సిటీ కన్నా ఇదే తక్కువ పడింది. ప్రతి కాలేజీ సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, మన ఆదాయం వివరాలు వేస్తే ఎయిడ్ పోను ఎంత కట్టాలో అంచనా చెప్తుంది. యూటీకి, విలియమ్స్‌కి, ఆమ్హర్స్ట్‌కి మూడింటికీ నింపి పక్కపక్కన పెట్టి చూడండి.

చిన్న కాలేజీ గురించి కూడా చెప్పాలి. ఇక్కడ ట్యుటోరియల్ అని ఒక క్లాసు ఉంటుంది. ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసర్. ఒక వారం నేను పేపర్ రాసి చదువుతాను, రెండోవాళ్ళు దాన్ని విమర్శిస్తారు, తర్వాతి వారం తారుమారు. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడని నాలాంటిదానికి మొదట్లో చెమటలు పట్టాయి. ఇప్పుడు ఎవరి ముందైనా కూర్చుని వాదించగలను.

గోదారి_అమ్మ
తల్లీ, చాలా థాంక్స్. అక్కడికి ఎలా వెళ్ళావు? పడుకోవడం, తిండి ఎలా?

బెర్క్‌షైర్_అమ్మాయి
టికెట్ కాలేజీ వాళ్ళే బుక్ చేశారు. ఆల్బనీలో దిగితే అక్కడినుంచి కాలేజీ బస్సు, గంటకి పైగా కొండల మధ్య ప్రయాణం. ముందే మా అమ్మానాన్న సంతకంతో పర్మిషన్ ఫారం, ఇన్సూరెన్స్ వివరాలు, అలర్జీలు, తిండి సంగతి అన్నీ తీసుకున్నారు. రాత్రి డార్మ్‌లో ఒక అమ్మాయి గదిలో ఉన్నాను. ఆమె ఫోన్ నంబర్, ప్రోగ్రాం చూసే ఉద్యోగి నంబర్ మా అమ్మకి ముందే పంపాను. శాకాహారం ప్రతి డైనింగ్ హాల్లో ఉంటుంది. కారం మాత్రం ఉండదు.

పప్పుచారు_ప్రేమికుడు
గోంగూర పచ్చడి చేతి సంచిలో పెట్టొద్దు. 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీలో తీసేస్తారు. కారప్పొడి పెట్టండి, దానికి ఆ రూల్ లేదు.

కాకతీయ_కుర్రాడు
17 ఏళ్ళ పిల్లలు ఇక్కడ లోపలి విమానాల్లో ఒంటరిగా మామూలుగానే వెళ్తారు ఆంటీ. 18 లోపు వాళ్ళకి డొమెస్టిక్ ప్రయాణంలో సెక్యూరిటీ దగ్గర ఐడీ కూడా తప్పనిసరి కాదు. అయినా స్కూల్ ఐడీ పెట్టుకుంటే మంచిది. టెక్సాస్‌లో కాలేజీ చూడటానికి జూనియర్, సీనియర్ ఇయర్‌లలో ఏడాదికి రెండేసి రోజుల వరకు స్కూళ్ళు సెలవు మంజూరు చేయొచ్చు. అటెండెన్స్ ఆఫీసులో ముందే అడిగి, కాలేజీ నుంచి వచ్చిన కాగితం ఇవ్వండి.

హెచ్4_పిల్లాడు
నాకో డౌట్. నేను ఎనిమిదేళ్ళప్పుడు వచ్చాను, ఇంకా హెచ్4 (నాన్న వర్క్ వీసా మీద ఆధారపడిన వీసా) మీదే ఉన్నాను. నాన్న గ్రీన్‌కార్డు క్యూ తెగేలా లేదు. మాలాంటివాళ్ళకి ఈ ఫ్లై-ఇన్‌లు ఉన్నాయా? ఒకచోట సిటిజన్, గ్రీన్‌కార్డు అని ఉంది, ఇంకోచోట అమెరికాలో హైస్కూల్ చదువుతుంటే చాలు అని ఉంది.

బడిపంతులు_ఒహాయో
రెండు రకాలూ ఉన్నాయి నాయనా, ప్రతి పేజీలో అర్హత లైను చదివి తీరాలి. నీకు అసలు ముఖ్యమైంది ఫ్లై-ఇన్ కన్నా తర్వాతి మెట్టు. హెచ్4 మీద ఉన్నవాళ్ళకి ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయం ఫారం) ద్వారా వచ్చే ఫెడరల్ ఎయిడ్ లేదు, తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ కూడా లేదు. కాలేజీ సొంత డబ్బు ఇస్తుందా లేదా అన్నదే చూడాలి. చాలాచోట్ల నిన్ను ఇంటర్నేషనల్ లెక్కలో పెడతారు. విలియమ్స్ ఇంటర్నేషనల్ విద్యార్థుల విషయంలో ఎంత డబ్బు అవసరమో చూసి నిర్ణయిస్తుంది, తీసుకుంటే మాత్రం అవసరమైనంతా ఇస్తుంది. ఆమ్హర్స్ట్, ఎంఐటీ, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ చాలా ఏళ్ళుగా ఎవరి విషయంలోనూ డబ్బు అవసరాన్ని అడ్మిషన్‌కి అడ్డం పెట్టని జాబితాలో ఉన్నాయి. 2022లో డార్ట్‌మత్, బోడన్ కూడా చేరాయి. నువ్వు మీ లిస్టు అక్కడినుంచి మొదలుపెట్టు. ఒక్కో కాలేజీ అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ రాసి ‘హెచ్4 వాళ్ళని ఎయిడ్ విషయంలో ఏ లెక్కలో పెడతారు’ అని రాతపూర్వకంగా అడుగు.

హెచ్4_పిల్లాడు
ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు సార్. ఇవాళే మెయిల్స్ పెడతాను.

కాకతీయ_కుర్రాడు
@హెచ్4_పిల్లాడు క్వెస్ట్‌బ్రిడ్జ్ కూడా చూడు, తక్కువ ఆదాయం ఇళ్ళలో బాగా చదివే పిల్లల్ని పెద్ద కాలేజీలతో కలిపే సంస్థ అది. అమెరికాలో హైస్కూల్ చదువుతుంటే పౌరసత్వంతో సంబంధం లేకుండా అప్లై చేయనిస్తారు. నలుగురున్న ఇంటికి 65 వేల డాలర్ల లోపు ఆదాయం అని మామూలుగా చెప్తారు. సెప్టెంబరు చివర్లో గడువు. గోదారి_అమ్మ గారి అమ్మాయికి కూడా పనికొస్తుంది. కాకపోతే అందులో మనకి నచ్చిన కాలేజీలని వరుసగా ర్యాంక్ చేస్తే, మ్యాచ్ అయినచోట (సీటు ఖాయమైనచోట) చేరాల్సిన షరతు చాలా కాలేజీలకి ఉంది. ఫ్లై-ఇన్‌కి అలాంటిదేం లేదు. రెంటినీ కలపొద్దు.

గోదారి_అమ్మ
వ్యాసం దగ్గర ఆగిపోయాం. ‘మీ నేపథ్యం మిమ్మల్ని ఎలా తీర్చిదిద్దింది’ అన్నట్టు అడిగారు. అమ్మాయి కూచిపూడి, దీపావళి, మా అత్తగారి పిండివంటలు అని రాసింది. బాగానే ఉంది కానీ ఏదో వెలితి.

బడిపంతులు_ఒహాయో
అమ్మా, స్కూల్ అయ్యాక ఇంట్లో అమ్మాయి ఏం చేస్తుంది? పండగలు కాదు, మామూలు మంగళవారం నాడు.

గోదారి_అమ్మ
ఏముందండీ. తమ్ముడికి హోంవర్క్ చెప్తుంది. ఇన్సూరెన్స్ వాళ్ళు ఫోన్ చేస్తే అదే మాట్లాడుతుంది. అపార్ట్‌మెంట్ లీజు కాగితాలు చదివి మాకు చెప్తుంది.

ఆ మధ్య ఆయన చేసే చోట లాటరీ స్క్రాచ్ టికెట్ల లెక్క తేడా వస్తోందని ఓనర్ జీతంలో కోసేవాడు. ఇది ఒక షీట్ తయారు చేసింది. షిఫ్ట్ మొదట్లో ఏ బుక్కు ఏ నంబర్ మీద ఉంది, చివర్లో ఏ నంబర్ మీద ఉంది, ఎన్ని అమ్మారు, క్యాష్ ఎంత అని. నెలంతా ఆయన చేత ఫోన్‌లో ఎక్కించింది. తేడా ఈయన షిఫ్ట్‌లో కాదు, ముందు షిఫ్ట్ వాళ్ళు కొత్త బుక్కు తెరిచి రాయకపోవడం వల్ల అని తేలింది. కోసిన డబ్బు ఓనర్ తిరిగి ఇచ్చాడు. ఇప్పుడు స్టోర్‌లో అందరూ అదే షీట్ వాడుతున్నారు.

బెర్క్‌షైర్_అమ్మాయి
ఆంటీ!! వ్యాసం ఇదే!!

అట్లాంటా_అక్క
చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఆ పిల్లకి నా ముద్దులు.

ఎర్రమిర్చి
నాకు ఇది నచ్చలేదు. నాన్న జీతం కోశారు, మేం పేదవాళ్ళం అని ముక్కూ మొహం తెలియనివాళ్ళకి రాసుకోవడమేంటి? కష్టాలు అమ్ముకుని సీటు తెచ్చుకోవడం నేర్పిస్తున్నాం పిల్లలకి. వాళ్ళ నాన్నకి ఇష్టం లేదని మొదటి పోస్టులోనే ఉంది. ఆయన పరువు ఆలోచించారా?

కాకతీయ_కుర్రాడు
లెక్క తేల్చడం కష్టం అమ్ముకోవడం ఎలా అవుతుంది? రోబోటిక్స్ క్లబ్ గురించి రాస్తే ప్రతిభ, గ్యాస్ స్టేషన్ గురించి రాస్తే అడుక్కోవడమా?

బెర్క్‌షైర్_అమ్మాయి
@ఎర్రమిర్చి గారూ, మీ భయం నాకు తెలుసు, మా ఇంట్లో ఇదే గొడవ జరిగింది. నాన్న వంటమనిషి అని రాయొద్దన్నారు, ‘ఫుడ్ బిజినెస్’ అని రాయమన్నారు. నేను వంటమనిషి అనే రాశాను. రాత్రి పదకొండుకి ఇంటికొచ్చి మర్నాడు మసాలా ఎంత కావాలో నోటి లెక్క వేసే మనిషి గురించి రాశాను. అందులో జాలి ఎక్కడా లేదు. ఆ వ్యాసం ఆయన దగ్గర ఇప్పటికీ ప్రింట్ తీసి ఉంది.

జాలి పుట్టించేలా రాస్తే తప్పు, అది నేనూ ఒప్పుకుంటాను. ఈ అమ్మాయి కథలో జాలి పడాల్సింది ఏముంది? సమస్య చూసింది, పరిష్కరించింది, నాన్న మాట నిలబెట్టింది.

బడిపంతులు_ఒహాయో
ఎర్రమిర్చి గారు అడిగినదాంట్లో ఒకటి మాత్రం నిజం. అది ఆయన కథ కూడా. అందుకని పంపేముందు ఆయన చదవాలి, సరే అనాలి. ఆయన వద్దంటే లీజు కాగితాలు, తమ్ముడి చదువు మీద కూడా మంచి వ్యాసం వస్తుంది. పదాల లిమిట్ చిన్నదే కాబట్టి జీతం కోత ఒక్క వాక్యంలో దాటేసి, షీట్ ఎలా ఆలోచించిందో అక్కడ ఆగమనండి. ఏ కాలమ్ ముందు పెట్టింది, మొదటి వారం ఎందుకు కుదరలేదు, అలాంటివి.

ఆదాయం సంగతి కూడా ఆయనకి ఇలా చెప్పండి. ఈ ఫారంలో రాసింది చదివేది అడ్మిషన్ ఆఫీసు వాళ్ళు. అక్టోబరు నుంచి ఫాఫ్సా, సీఎస్ఎస్ ప్రొఫైల్ (కాలేజీల సొంత ఎయిడ్ కోసం నింపే ఫారం) నింపాలంటే ఎలాగూ ట్యాక్స్ రిటర్న్ ముందు పెట్టుకుని కూర్చోవాలి. లక్ష డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇక్కడి కుటుంబాలకి సీఎస్ఎస్ ఫీజు కూడా లేదు.

ఎర్రమిర్చి
ఆయన చదివి ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు. నా మాట అదే.

అట్లాంటా_అక్క
ఫలితం గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. మా పెద్దాడిని ఒక కాలేజీ ఫ్లై-ఇన్‌కి తీసుకోలేదు, రెండు రోజులు అన్నం తినలేదు వాడు. అదే కాలేజీలో మార్చిలో రెగ్యులర్‌లో సీటు వచ్చింది. మా పక్కింటి అమ్మాయి ఇంకో కాలేజీకి ఫ్లై-ఇన్‌కి వెళ్ళి, అందరితో స్నేహం చేసుకుని వచ్చింది, అక్కడ అడ్మిషన్ రాలేదు. రెండూ జరుగుతాయి. పిల్లకి ముందే చెప్పి ఉంచండి.

గోదారి_అమ్మ
నిన్న రాత్రి ఆయన డ్యూటీ దిగి వచ్చాక ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘షీట్‌లో మొదట బుక్కు నంబర్ కాదు, డబ్బా నంబర్ పెట్టింది, అది రాయమను’ అన్నారు. అమ్మాయి పక్కనే కూర్చుని రాసింది. ట్యాక్స్ కాగితాలు కూడా ఆయనే తీసి ఇచ్చారు.

ఇంకొక్క అడ్డం. ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల రికార్డు), కౌన్సిలర్ ఫారం అడిగారు, స్కూలు మూసి ఉంది, కౌన్సిలర్ సెలవులో ఉన్నారు.

బడిపంతులు_ఒహాయో
ఇది ప్రతి వేసవిలోనూ వచ్చే తలనొప్పే. ముందు ఫారంలో అనఫీషియల్ ట్రాన్స్‌క్రిప్ట్ ఒప్పుకుంటారేమో చూడండి, చాలామంది ఒప్పుకుంటారు. అలాగైతే పేరెంట్ పోర్టల్ నుంచి దించుకుంటే చాలు. కౌన్సిలర్‌కి మెయిల్ పెట్టి, జవాబు రాకపోతే స్కూల్ ఫ్రంట్ ఆఫీసుకి ఫోన్ చేయించండి, వేసవిలోనూ ఎవరో ఒకరు ఉంటారు. అదీ కుదరకపోతే కాలేజీ అడ్మిషన్ ఆఫీసుకి అమ్మాయే తన పేరుతో మెయిల్ రాసి, గడువు తర్వాత కౌన్సిలర్ ఫారం పంపొచ్చా అని అడగాలి. మీరు రాయొద్దు, అమ్మాయి రాయాలి. కాగితం ఇచ్చిన ఇంగ్లిష్ టీచర్‌కి కూడా ఒక కాపీ పెట్టమనండి.

టెక్సాస్_బాబాయ్
అమ్మా, నేను యూటీ మాట వెనక్కి తీసుకోవడం లేదు. కానీ అమ్మాయి వెళ్ళి చూసి రావాలి, ఇది మాత్రం గట్టిగా అంటున్నాను. మేం ఇర్వింగ్‌లోనే ఉంటాం. తెల్లవారుజామున ఫ్లైట్ పడి మీ ఇద్దరికీ షిఫ్ట్ ఉంటే డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్ట్ దాకా నేను దింపుతాను, మెసేజ్ పెట్టండి.

గోదారి_అమ్మ
చాలా థాంక్స్ బాబాయ్ గారూ. రెండు కాలేజీలకీ ఇవాళ పంపేసింది. ఫ్రంట్ ఆఫీసు ఆవిడ కౌన్సిలర్‌కి కబురు పెట్టింది, సోమవారం ఫారం ఇస్తానన్నారట. క్వెస్ట్‌బ్రిడ్జ్ సైట్ కూడా తెరిచి కూర్చుంది. అందులో సందేహాలుంటే వేరే పోస్టు పెడతాను.

హెచ్4_పిల్లాడు
నాకు రెండు కాలేజీల నుంచి జవాబులు వచ్చాయి. ఒకరు హెచ్4 వాళ్ళని ఎయిడ్ విషయంలో ఇంటర్నేషనల్ కిందే చూస్తామన్నారు. ఇంకొకరు ఫ్లై-ఇన్‌కి అర్హుడివే, వెయ్యి అన్నారు. వచ్చిన జవాబులన్నీ ఒక షీట్‌లో పెడుతున్నాను, కాలేజీ పేరు, తేదీ, వాళ్ళ మాటలు యథాతథంగా. నాలాంటివాళ్ళు ఎవరైనా ఉంటే మీకొచ్చినవి కూడా పంపండి, కలుపుతాను.

కాకతీయ_కుర్రాడు
నా దగ్గర పోయినేడు మా తమ్ముడికి వచ్చిన మెయిల్స్ ఉన్నాయి. ఈ రాత్రికి పంపుతాను. పైన ‘పోయినేడాదివి’ అని రాయి, రూల్స్ మారి ఉండొచ్చు.